నీరాకు దారి చూపాలి

ద్రాక్షసారా రుచులు పట్టణాల ముచ్చట. కనిగిరి మెట్టకు తెలిసింది తాటిచెట్టు. కుండలో సున్నం పూసి, తెల్లవారకముందే దింపితే తియ్యని నీరా. సున్నం లేకుంటే పొద్దెక్కేసరికి పులిసి కల్లవుతుంది. శనగ గుగ్గిళ్ళు, కాల్చిన ఎండుచేప దానికి జోడు. నీరాకు మత్తు లేదు, కాస్తే బెల్లమూ అవుతుంది. అయితే చల్లగా నిలవ చేయకపోతే గంటల్లో పాడవుతుంది. అప్పుడు ప్రాణాలకు తెగించి చెట్టెక్కిన గీత కార్మికునికి కల్లే గతి. రంపచోడవరం దగ్గరి పందిరిమామిడి ఉద్యాన పరిశోధన కేంద్రంలో నీరాపై పరిశోధనలు జరిగాయి. 2023లో హైదరాబాదులో తెలంగాణ ప్రభుత్వమే నీరా కేంద్రం తెరిచింది. ఆ విద్య మెట్ట పల్లెలకూ చేరాలి. గీత సహకార సంఘాలకు శీతల పెట్టెలు, కనిగిరిలో అమ్మకపు కేంద్రం సమకూర్చాలి. వచ్చే తాటి సీజనుకు ముందే అధికారులు కదలాలి.