యంత్రమా, విద్యయా?

అమరావతిలో క్వాంటం కంప్యూటరు నెలకొల్పుటకు 2025లో రాష్ట్ర ప్రభుత్వము ఐ.బి.యం., టి.సి.యస్., ఎల్ అండ్ టి సంస్థలతో ఒడంబడిక చేసికొన్నది. ఆ యేటి సార్వాలోనే రైతులు యూరియా కొరకు దుకాణముల ముందు బారులు తీరిరి. ఈ రెంటికిని సంబంధమేమని గుడివాడ రైతు అడుగవచ్చును. సంబంధ మున్నది.

యూరియాకు మూలము అమ్మోనియా. గాలిలోని నత్రజనిని ఉదజనితో కలిపి దానిని చేయుట హేబరు 1909లో చూపెను. 1913లో బాష్ దానిని కర్మాగారమున కెక్కించెను. నేటికిని ఆ పనికి నాలుగైదు వందల డిగ్రీల వేడిమియు, నూరు వాతావరణములకు మించిన ఒత్తిడియు కావలెను. ఉదజని నిచ్చు సహజవాయువు కొరకును, తుదకు యూరియా కొరకును మనము కొంతవరకు పరదేశముల మొగము చూచుచున్నాము. దివిసీమ వరిచేలలో కోతకు ముందు చల్లు మినుము వేళ్ల బుడిపెలలోని సూక్ష్మజీవులో, ఇదే కార్యమును మామూలు వేడిమిలోనే నెరవేర్చుచున్నవి!

ఈ భేద మేల? సాధారణముగా రసాయనిక చర్యకు దాటవలసిన శక్తిగట్టు ఒకటి కలదు. దాని ఎత్తును బట్టియే చర్యావేగము. మామూలు వేడిమిలో ఆ ఎత్తును లెక్కించుటలో స్వల్పముగా పొరబడినను వేగము పదిరెట్లు తప్పును. ఎలక్ట్రానుల నడవడిని క్వాంటం సూత్రములచే గణించిననేగాని ఆ ఎత్తు సిద్ధాంతమునకు చిక్కదు. 1931లో ఐరింగు, పొలానీలు ఉదజని విషయమున ఈ త్రోవ తీసిరి. 2005లో డెన్మార్కు శాస్త్రజ్ఞులు రుథీనియముపై అమ్మోనియా పుట్టు వేగమును గణింపగా, అది కొలిచిన వేగమునకు మూడు మొదలు ఇరువది రెట్ల తేడాలో వచ్చెను. అదియే ఘనకార్యమైనది!

మినుము బుడిపెలలో పనిచేయు ఇనుము, మాలిబ్డినముల గుచ్ఛము ఇంకను జటిలము. దానిని క్వాంటం కంప్యూటరు విప్పగలదని 2017లో శాస్త్రజ్ఞులు అంచనా వేసిరి. కాని అమరావతికి తలపెట్టిన యంత్రమునకు 156 క్యూబిట్లు. ఈ లెక్కకు అవి చాలవు. ఇంతకంటె ఎంతో పెద్దది, తప్పులను తానే దిద్దుకొనునది కావలెను.

అట్టి యంత్రము వచ్చునాటికి దానికి ప్రశ్న వేయగలవారు మనలో నుండవలదా? ధనముతో యంత్రమును తేవచ్చును, విద్యను తేజాలము. పరాయి విద్యకు దాసులము కారాదనియే 1910లో బందరున జాతీయ కళాశాల వెలసినది. 2008 నుండి కృష్ణా విశ్వవిద్యాలయము అచటనే యున్నది. రసాయనశాస్త్ర విద్యార్థులకు గణితమును, క్వాంటం సూత్రములను లోతుగా నేర్పవలెను. అమరావతి యంత్రముపై మన కళాశాలలకు కొంత కాలము ప్రత్యేకింపవలెను. ప్రభుత్వము ఇందుకు పూనుకొనవలెను. భూస్వాములును, వర్తకులును విద్యార్థివేతనములతో తోడ్పడవలెను. లేనియెడల యంత్రము మన గడ్డపై నుండును, ఫలము అన్యుల కందును. మన రైతు మరల బారులోనే నిలుచును.