కాలువ నీరు - కరెంటు దీపము

ఒక పాత సైకిలు చక్రము, కొన్ని రేకుముక్కలు, ఒక సైకిలు డైనమో ఉన్నచో పారు నీటితో చిన్న దీపమును వెలిగింపవచ్చును. రేకులను దోసిళ్లవలె వంచి చక్రపు పుల్లలకు బిగించి, నీటిధార క్రింద నిలిపినచో చక్రము తిరుగును. టైరును ఆనుకొనియున్న డైనమో తల మిక్కిలి చిన్నది గనుక, చక్రము ఒకసారి తిరుగునంతలో అది అనేక పర్యాయములు తిరుగును. లోపల అయస్కాంతము తిరుగగా తీగచుట్టలో విద్యుత్తు పుట్టును. 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న సూత్రమిదియే. దీనిని పిల్లల ఆటయని కొట్టివేయువారితో నేను ఏకీభవింపను. కాని చక్రమును చేయుటకంటె దానికి తగిన చోటు నెరుగుట కష్టము.

నెల్లూరు జిల్లాలోని విడవలూరునే చూడుడు. పెన్న నీరు సంగము వద్ద మళ్లి, కనిగిరి జలాశయము మీదుగా ఆ ప్రాంతపు వరిచేలకు చేరును. ఊరికి తూర్పున సముద్రము. నేల పళ్లెమువలె చదునైనది. నీరున్నది గదా, కరెంటు ఏల రాదని మీరడుగవచ్చును. నీటి శక్తి పరిమాణమందు మాత్రమే లేదు. పడు ఎత్తునందును కలదు. సెకనుకు ఎన్ని లీటర్లు పడుచున్నవో, ఎన్ని మీటర్ల ఎత్తునుండి పడుచున్నవో కొలిచి, ఆ రెంటిని గుణించి, మరల సుమారు 10తో గుణించినచో నీటిలోని శక్తి వాట్లలో తెలియును. ఇంట చేసిన చక్రము అందులో సగము రాబట్టినను గొప్పయే. సెకనుకు 10 లీటర్ల నీరు 20 మీటర్ల ఎత్తునుండి పడినచో మనకు 1000 వాట్లు చిక్కును. అదే నీరు అర మీటరు మాత్రమే పడినచో 25 వాట్లు!

అట్లయిన అడ్డుకట్ట వేసి ఎత్తు పెంచరాదా? ఇచ్చటనే చిక్కు. కాలువ 5000 మీటర్లకు ఒక మీటరు చొప్పున వాలియున్నదనుకొందము. మీరు ఒక మీటరు కట్ట వేసినచో నీరు వెనుకకు కొన్ని కిలోమీటర్ల దాక ఉబ్బును. పైవాని గట్టు తెగవచ్చును. చివరి భూముల వాని మడి ఎండవచ్చును. చక్రము నీటిని త్రాగదు, నిజమే. దానికై కట్టిన కట్ట మాత్రము అన్యుల నీటిని ఆపును. ఒక దీపమునకై ఇంత నష్టము తెచ్చు హక్కు ఎవరికిని లేదు. పంపుసెట్టు ధార క్రింద చక్రమును పెట్టి కరెంటు తీసితినని మురియువాడు మరియొక వింత మనిషి. మోటారుకు తానిచ్చిన దానిలో స్వల్పభాగమునే అతడు తిరిగి పొందుచున్నాడు.

ఈ యంత్రమునకు తగిన తావు కొండవాగు. ఆంధ్ర, ఒడిశా సరిహద్దున మాచ్‌ఖండ్ నది డుడుమ జలపాతమై 150 మీటర్లకు మించిన ఎత్తునుండి దుముకును. అందుచేతనే 1955లో అచ్చట విద్యుత్కేంద్రము పనిచేయసాగెను. మన్యపు పల్లెలో చిన్న వాగును గొట్టముగుండ దింపినను, ఆ ఎత్తే మేలు చేయును.

విడవలూరు బాలుడు నిరాశపడనక్కరలేదు. కాలువ మెట్టు దిగు చోట, పెద్దలను తోడు తీసికొని, నీటిపారుదల వారి అనుమతితో, ప్రవాహమున కడ్డులేకుండ చిన్న చక్రమును నిలుపవచ్చును. సైకిలు డైనమో ఇచ్చునది సుమారు 3 వాట్లు. దాని తీగలను ఇంటి కరెంటు తీగలతో ఎన్నడును కలుపరాదు. చేలకు నీరు వదలిన దినములలో ఆ దీపము వెలుగును. తూములు మూసిన దినములలో ఆరిపోవును.