పిట్ట కొంచెం, కూత ఘనం

వాద్యాన్ని ఎన్నుకోవడం చెప్పులను ఎన్నుకోవడం వంటిది. ఎంత వెల పెట్టి కొన్నా, చూడడానికి ఎంత సొంపుగా ఉన్నా, పాదానికి అమరని చెప్పు మనిషిని నాలుగు అడుగులు కూడా వేయనీయదు. ఇంత సామాన్యమైన సత్యాన్ని చెప్పుల అంగడిలో ఎవరూ మరచిపోరు. గిటారు విషయంలో మాత్రం మన విద్యార్థులలో చాలామంది దానిని మరచిపోతున్నారు. అంగడి గోడకు వేలాడే వాటిలో అన్నిటికంటె పెద్దదే అన్నిటికంటె మేలైనదని నమ్మి ఇంటికి తెచ్చుకొంటున్నారు. ఈ నమ్మకం సరియైనది కాదనీ, కొత్తగా నేర్చుకొనేవారిలో అధిక సంఖ్యాకులకు చిన్న ఆకారం గల గిటారే తగినదనీ మేము అభిప్రాయపడుతున్నాము. అందుకు గల కారణాలను పాఠకుల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఇది కేవలం అభిరుచికి సంబంధించిన తగవు కాదు. కళాశాలలో చేరిన తొలి సంవత్సరం ఎంతో ఉత్సాహంతో గిటారు కొన్న యువకుడు మలి సంవత్సరం నాటికి దానిని బీరువా మీదికి చేర్చడం మేము తరచుగా చూస్తున్నాము. కారణం అడిగితే, “నా వేళ్లు పొట్టివి సార్, నాకు రాదు” అంటాడు. విద్యార్థిని అయితే, “అది ఆడపిల్లల చేతికి లొంగదట సార్” అంటుంది. చాలా సందర్భాలలో లోపం వేళ్లలో లేదు, వాద్యంలో ఉన్నది. భుజాన్ని చెవి దాకా ఎత్తించి, మణికట్టును వంచి, వేలికొనలను కోసే వాద్యంతో ఎవరి అభ్యాసం మాత్రం సాగుతుంది? ఇంటి ఖర్చులలో మిగిల్చి తండ్రి ఇచ్చిన సొమ్ము వృథా కావడం ఒక నష్టం. తనలో సంగీతమే లేదని పద్దెనిమిదేళ్లకే ఒక బిడ్డ తీర్మానించుకోవడం అంతకంటె పెద్ద నష్టం.

చరిత్రను పరిశీలిస్తే గిటారు పుట్టుకతో పెద్ద వాద్యం కాదని తెలుస్తుంది. దాని పేరుకు మూలం గ్రీకుల ‘కితార’. దానికి దాయాది అయిన ల్యూట్ అనే వాద్యం పేరు అరబ్బీ ‘అల్ ఊద్’ నుండి పుట్టినది. ఊద్ అంటే కర్ర. ఉర్దూ విభాగపు మిత్రులకు ఈ మాట కొత్తది కాదు; సువాసనకు వేసే ఊదుకు పేరిచ్చినదీ ఇదే. ఆ పేరులో కర్ర ప్రసక్తి ఉన్నది గాని పరిమాణం ప్రసక్తి లేదు. మన పెద్దలు కూడా వీణను చూచినప్పుడు కుండ ఎంత పెద్దదని అడగరు. పనసకర్ర ఎటువంటిదని అడుగుతారు.

ఈ సత్యాన్ని ప్రయోగపూర్వకంగా చూపినవాడు స్పెయిన్ దేశంలోని ఆల్మెరియాకు చెందిన ఆంతోనియో దె తోర్రెస్. ఆయన 1817లో పుట్టి 1892లో మరణించాడు. నేటి క్లాసికల్ గిటారుకు రూపురేఖలు దిద్దినవాడు ఆయనే. 1862లో ఆయన ఒక గిటారును చేశాడు. దాని వెనుక భాగాన్నీ పక్కలనూ కాగితపు అట్టతో చేసి, పై పలకను మాత్రం మంచి కలపతో అమర్చాడు. నాదానికి ప్రాణం పై పలకలో ఉన్నదని లోకానికి చెప్పడమే ఆయన ఉద్దేశం. ఆ వాద్యం నేటికీ బార్సిలోనా నగరంలోని సంగీత మ్యూజియంలో భద్రంగా ఉన్నది. అది పలికిన పాఠాన్ని మాత్రం కొనుగోలుదారులు ఇంకా వినవలసి ఉన్నది.

ఉక్కు తీగల గిటారు చరిత్ర కూడా ఇదే చెబుతుంది. సాక్సనీ ప్రాంతం నుండి 1833లో అమెరికాకు వలస వెళ్లిన క్రిస్టియన్ ఫ్రెడరిక్ మార్టిన్ నెలకొల్పిన సంస్థ తన గిటార్ల పరిమాణాలను సున్నలతో గుర్తించింది. ఒక సున్న గల దానికి ‘కాన్సర్ట్’ అనీ, రెండు సున్నల దానికి ‘గ్రాండ్ కాన్సర్ట్’ అనీ, మూడు సున్నల దానికి ‘ఆడిటోరియం’ అనీ పేర్లు. అనగా, నేడు మనం చిన్నదని చిన్నచూపు చూస్తున్న గిటారు ఒకనాడు నిండు సభలో మోగిన కచేరీ గిటారే.

మరి నేడు ప్రతి అంగడిలోనూ కనిపించే వెడల్పాటి గిటారు ఎక్కడిది? దాని పేరు డ్రెడ్‌నాట్. భయమెరుగనిది అని ఆ మాటకు అర్థం. బ్రిటిష్ నౌకాదళం 1906లో నీటిలోకి దింపిన మహా యుద్ధనౌక పేరు అది. ఆ ఆకారంలో మార్టిన్ వారు 1916లో ఆలివర్ డిట్సన్ అనే వ్యాపార సంస్థ కోసం గిటార్లు చేసి ఇచ్చారు. 1931 నుండి తమ పేరుతోనే అమ్మసాగారు. వేదికపై పాడేవారి గొంతుకు తోడుగా బిగ్గరగా, మంద్రంగా మోగడం దాని ప్రయోజనం. ప్రతి వేదికకూ మైకు చేరని రోజులలో ఆ ప్రయోజనం ఎంతైనా కొనియాడదగినది. కాని పది అడుగుల గదిలో చాప మీద కూర్చొని సరిగమలు సాధన చేసే విద్యార్థికి యుద్ధనౌకతో పని ఏమి?

కొలతలను పోల్చి చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. మార్టిన్ వారి డ్రెడ్‌నాట్ అడుగు భాగం వెడల్పు సుమారు 39.7 సెంటీమీటర్లు, లోతు 12.4 సెంటీమీటర్లు. మూడు సున్నల గిటారు వెడల్పు 38.1, లోతు 10.5. రెండు సున్నల దాని వెడల్పు 36 సెంటీమీటర్లకు కొంచెం పైన. ఒక సున్నది 34.3. కాగితం మీద ఇవి అల్పమైన తేడాలుగా కనిపించవచ్చు. కాని వాద్యాన్ని రొమ్ముకు ఆనించి, దాని మీదుగా చేయి చాపవలసిన వానికి లోతులో తగ్గిన రెండు సెంటీమీటర్లు ఎంత హాయో భుజమే చెబుతుంది. అంతేకాదు, డ్రెడ్‌నాట్‌కు నడుము వెడల్పు. చిన్న గిటార్లకు నడుము సన్నం. సన్నని నడుము తొడ మీద చక్కగా కూర్చొంటుంది; వాద్యం జారదు, చేయి పైకి లేవదు.

ఇక నాదం మాట. తీగ తనంతట తాను చేసే సవ్వడి స్వల్పం. దాని కంపనం బ్రిడ్జి ద్వారా పై పలకకు చేరుతుంది. పలక కదిలి, పెట్టెలోని గాలిని కదిలిస్తుంది. పెట్టె పెద్దదైతే మంద్ర స్థాయికి ఆసరా ఎక్కువ. పెట్టె చిన్నదైతే మంద్రం కొంత తగ్గుతుంది గాని, మంద్ర, మధ్య, తార స్థాయిలు ఒకదానినొకటి మింగక సమంగా వినిపిస్తాయి. వేళ్లతో మీటినప్పుడు ఒక్కొక్క స్వరం విడివిడిగా, ముత్యాల పేరు వలె పలుకుతుంది. తేలికగా కట్టిన చిన్న పలకను కదిలించడానికి మెత్తని మీటు చాలు. గట్టిగా బాదితేనే నోరు విప్పే వాద్యం కంటె, మెల్లగా తాకినా పలికే వాద్యం అభ్యాసకునికి మంచి గురువు.

గొప్ప వాద్యకారులు చిన్న గిటార్లను నామోషీగా భావించలేదు. 1936, 1937 సంవత్సరాలలో టెక్సాస్‌లో పాటలు రికార్డు చేసి, బ్లూస్ సంగీతానికి కలకాలం నిలిచే కీర్తి తెచ్చిన రాబర్ట్ జాన్సన్, తన ప్రసిద్ధ ఛాయాచిత్రంలో చేత పట్టుకొన్నది గిబ్సన్ వారి చిన్న గిటారు. జోన్ బాయెజ్ పేరుతో పెనవేసుకొన్న గిటారు మార్టిన్ వారి ఒక సున్న పరిమాణం గలది. 1992లో ‘అన్‌ప్లగ్డ్’ కచేరీలో ఎరిక్ క్లాప్టన్ వాయించినది 1939లో తయారైన మూడు సున్నల గిటారు. వారి సంగీతంలో ఏదో కొరవడినదని ఎవరూ అనలేదు.

అయితే చిన్నదైనంత మాత్రాన ప్రతి గిటారూ మంచిది కానేరదు. మందపాటి ప్లైవుడ్‌తో చేసిన చిన్న పెట్టె ఉత్త డబ్బా వలె మోగుతుంది. పై పలక అతుకుల పొరలు లేని స్ప్రూస్ లేక సెడార్ కలపతో చేసినదై ఉండడం ముఖ్యం. దీనిని కనుగొనడానికి ఒక సులభమైన ఉపాయం ఉన్నది. పలక నడుమనున్న గుండ్రని రంధ్రం అంచును వెలుతురులో పరికించండి. పై నున్న కలప చారలు అంచు మందం గుండా లోపలి దాకా తెగకుండా దిగితే అది ఏకపలక. అడ్డుగా పొరలు కనిపిస్తే ప్లైవుడ్. వెనుక భాగం, పక్కలు పొరలవైనా కొంత సర్దుకోవచ్చు. తోర్రెస్ అట్ట గిటారు చెప్పినది అదే కదా. వెనుక పలకకు లోకమంతా మెచ్చే కలపలలో ఒకటి మన దక్షిణ భారతపు అడవులలో పెరిగే జిట్రేగి కావడం మనకు గర్వకారణం. మార్టిన్ సంస్థ కూడా 1969 ప్రాంతంలో బ్రెజిల్ కలప నుండి ఈ కలపకు మారింది.

సౌకర్యం ఆకారంతోనే ముగిసిపోదు. మామూలు ఉక్కు తీగల జత గిటారు మీద మోపే బిగువు మొత్తం 70 కిలోలకు పైమాటే. ఆ బిగువును అణచవలసినది లేత వేలికొనలు. కనుక తీగల ఎత్తును తప్పక చూడాలి. పన్నెండవ ఫ్రెట్ వద్ద, ఫ్రెట్‌కూ లావు తీగకూ నడుమ రెండు నుండి రెండున్నర మిల్లీమీటర్లు, సన్నతీగ వద్ద ఒకటిన్నర నుండి రెండు మిల్లీమీటర్లు ఉంటే చాలు. అంతకు మించితే పనివానిచేత తగ్గింపజేయాలి. తీగ పొడవు తక్కువైతే బిగువు తగ్గుతుంది. మార్టిన్ డ్రెడ్‌నాట్‌లో అది 64.5 సెంటీమీటర్లు కాగా, మూడు సున్నల గిటారులో సామాన్యంగా 63.2. తీగలు మొదలయ్యే చోట పట్టీ వెడల్పు 43 మిల్లీమీటర్లుంటే చిన్న చేతికి సులువు. వేళ్లతో మీటేవారికి 44.5 అయితే తీగల నడుమ ఎడం చాలినంత దొరుకుతుంది. తొలి నెలలలో సన్నపాటి తీగల జతను వేయించుకోవడం పిరికితనం కాదు, వివేకం.

అంగడికి వెళ్లే విద్యార్థికి మా సలహా ఇది. నిలబడి కాక, చేతులు లేని కుర్చీలో కూర్చొని వాద్యాన్ని తొడ మీద పెట్టుకోండి. కుడి భుజం పైకి లేచిందా, మెడ వంగిందా గమనించండి. కనీసం పావుగంట అట్లే ఉంచుకోండి. అసౌకర్యం అయిదు నిమిషాలలో బయటపడదు. ప్రతి తీగనూ ప్రతి ఫ్రెట్ వద్ద నొక్కి, చిటపటలు లేకుండా పలుకుతున్నదో లేదో వినండి. పన్నెండవ ఫ్రెట్ వద్ద తీగను నొక్కి పలికించిన స్వరం, అదే చోట తేలికగా తాకి పలికించిన స్వరంతో కలవాలి; కలవకపోతే ఆ వాద్యం పై స్థాయిలలో శ్రుతి తప్పుతుంది. తరువాత మీ మిత్రునిచేత వాయింపజేసి, ఎదురుగా కూర్చొని వినండి. గిటారు నాదం ముందుకు ప్రసరిస్తుంది గనుక వాయించేవానికంటె ఎదుటివానికే అది బాగా తెలుస్తుంది. ఇంటికి తెచ్చిన తరువాత దానిని పెట్టెలో ఉంచండి. మన వేసవి పొడిగాలికి ఏకపలక బీటలు వారవచ్చు. గాలిలో తేమ 45 నుండి 55 శాతం ఉండడం దానికి ఆరోగ్యం.

“అదే ధరకు పెద్దది వస్తూ ఉంటే చిన్నది కొనడం ఎందుకు?” అని పెద్దలు ప్రశ్నించవచ్చు. వాద్యాన్ని ధాన్యం వలె కొలిచి కొనము. చొక్కా కొన్నప్పుడు గుడ్డ ఎక్కువ వచ్చిందని రెండంకెలు పెద్దది తీసుకొనేవారెవరు? బృందంలో పలువురి నడుమ బిగ్గరగా మీటి పాటకు తోడివ్వవలసినవారికీ, ఆజానుబాహులకూ పెద్ద గిటారే తగినది కావచ్చు. దానిని మేము కాదనము. అందరికీ అదే కొలమానం కారాదన్నదే మా వాదం. ఇక చిన్నది స్త్రీలకూ పిల్లలకూ మాత్రమే అన్న మాటను పై ఉదాహరణలే తోసిపుచ్చుతున్నవి. దానికి తోడు ఒక మాట: చేతికి ఇమిడే వాద్యం దొరకక ఒక విద్యార్థిని సంగీతానికి దూరమైతే, ఆ కొరత ఆమె చేతిది కాదు, మన ఎంపికది.

కళాశాలల సాంస్కృతిక సంఘాలకు కూడా ఒక విన్నపం. ఉమ్మడి గదికి గిటారు కొనే వేళ, చౌకలో రెండు పెద్దవి కొనడం కంటె, ఏకపలక గల రెండు లేక మూడు సున్నల పరిమాణపు గిటారు ఒకటి కొని, తీగల ఎత్తు సరిచేయించి ఉంచడం మేలు. పొడవాటివాడు దానిని వాయించగలడు. పొట్టి చేతుల విద్యార్థినీ వాయించగలదు. పెద్దదాని విషయంలో ఈ రెండవ మాట చెప్పలేము. పది మంది చేతులు మారే వాద్యం పది మందికీ అమరేదై ఉండడం న్యాయం.

పిట్ట కొంచెం, కూత ఘనం అన్నారు మన పెద్దలు. కూత విని పిట్టను మెచ్చుకోవాలి గాని, రెక్కలు కొలిచి కాదు. విద్యార్థులారా, మీ చెవిని నమ్మండి, మీ భుజాన్ని అడగండి. అవి రెండూ ఒప్పుకొన్న వాద్యాన్నే ఇంటికి తెచ్చుకోండి. రోజూ ఒడిలోకి తీసుకోవాలనిపించే గిటారే మీకు సంగీతం నేర్పుతుంది.