సరళరేఖ ఎవరి సొత్తు?

ముద్రణచిత్రములలోని జ్యామితి రూపములు పరదేశపు సరకనియు, పారిస్ నుండి దిగుమతియైనవనియు మన విమర్శకులలో కొందరందురు. మనిషి లేడు, కథ లేదు, ఉన్నవి చతురస్రములును త్రిభుజములును మాత్రమే. ఇది యంత్రయుగపు శుష్కత్వమని వారి ఆరోపణ. ఇట్టివారు ఒకసారి జంషెడ్‌పూరు వెళ్లి రావలెను.

సాక్చీ అను పల్లె 1919లో జంషెడ్‌పూరైనది. అంతకు ముందే, 1912లో, అచట ఉక్కు తయారైనది. యంత్రములకు అచట కొదవ లేదు. కాని జ్యామితిని చూచుటకు కర్మాగారము వాకిట నిలువనక్కరలేదు. నగరము దాటి సింగ్‌భూమ్ పల్లెలకు పోయినచో సంతాలుల మట్టియిండ్లు కనబడును. సొహరాయ్ పండుగకు ముందు స్త్రీలు గోడలనలికి, నునుపు చేసి, రంగుమన్నులతో అడ్డపట్టెలు, త్రిభుజములు, చతురస్రములు తీర్తురు. అంత దూరమేల? చుక్కలు పెట్టి ముగ్గు వేసిన తల్లి వాకిట పెరిగిన తెలుగువాడు సరళరేఖను పరదేశియనుట వింత!

ఆధునిక ముద్రణచిత్రము ఈ గోడల నుండి పుట్టినదని చెప్పుట కాదు. అదియు తప్పుడు వాదమే. చిత్తూరు జిల్లావాడైన కృష్ణారెడ్డి పారిస్‌లో హేటర్ నడపిన ఆతెల్యే 17లో పనిచేసి, చిక్కదనములో భేదించు సిరాలను ఒకే ఫలకముపై పరచి ముద్రించు పద్ధతిని తోడివారితో కలసి రూపొందించెను. ఆలీగఢ్‌లో గణితము చదివిన జరీనా హష్మీ (1937–2020) కూడ అచటనే ఈ విద్య నేర్చెను. పనితనము పారిస్‌ది కావచ్చును. గీసినది ఎవరిది? 1999లో జరీనా చెక్కిన 36 దారుముద్రణములలో 'ఘర్' అనునది ఒకటి. అది ఆలీగఢ్‌లోని ఇంటి పటము. దేశవిభజన తరువాత కొన్నేండ్లకు కుటుంబము పాకిస్తానుకు తరలిపోగా చేజారిన యిల్లు. 'ఘర్' అను మాటను తెలుగున 'ఇల్లు' అనవచ్చును. ఆ గోడగీతలకు అనువాదమే అక్కరలేదు. వానిలో మనిషి లేడనువాడు ఇల్లు పోగొట్టుకొని యెరుగడు.

అసలు అన్యాయము వేరొకటి కలదు. చట్రములో బిగించిన చతురస్రమునకు 'కళ' యని పేరు. గోడపై చతురస్రమునకు 'అలంకరణ' యని పేరు. మొదటిదాని క్రింద చేవ్రాలుండును. రెండవదానిని తీర్చిన స్త్రీ పేరడిగినవారు అరుదు. గోడ బొమ్మ నిలువదు గనుక కళ కాదని సమాధానము చెప్పుదురు. ఇది మరీ విడ్డూరము. అనుకొన్నన్ని ప్రతులు తీసిన పిమ్మట ఫలకముపై గీతలు కొట్టి దానిని చెరుపుట ముద్రణచిత్రకారులలో ఉన్న ఆచారమే. సంతాలు స్త్రీ మరుసటి పండుగకు తన గోడను తానే మట్టితో అలికివేయును.