ఆపుకోవడం సుగుణం కాదు

పదేళ్ల మా మనవరాలు బడికి తీసుకువెళ్లే మంచినీళ్ల సీసా సాయంత్రం నిండుగానే తిరిగి వచ్చేది. కారణం అడిగితే, "నీళ్లు తాగితే వెళ్లాల్సి వస్తుంది తాతయ్యా, అక్కడ తలుపుకు గడియ లేదు" అన్నది. ఆ ఏడాది ఆ పిల్ల రెండు పర్యాయాలు మూత్రంలో మంటతో, జ్వరంతో బాధపడింది. వైద్యుడు మందులిచ్చాడు, ఇంట్లో బార్లీ నీళ్లు కాచి ఇచ్చాం. మూలకారణం మాత్రం ఆ తలుపు దగ్గరే ఉండిపోయింది.

మన దేహంలోని ద్వారాలను ఉంగరం వంటి వలయాకార కండరాలు కాపాడుతుంటాయి. అన్నవాహిక అడుగున ఉన్నది జీర్ణాశయంలోని ఆమ్లం పైకి ఎగదన్నకుండా చూస్తుంది. జీర్ణాశయం చివర ఉన్నది ఆహారాన్ని కొద్దికొద్దిగా పేగులోకి విడుస్తుంది. వీటికి మన ఆజ్ఞతో పనిలేదు. మలద్వారం వద్ద మాత్రం రెండు కండరాలున్నాయి. లోపలిది తనంతట తానే పనిచేస్తుంది, వెలుపలిది మన అదుపులో ఉంటుంది. సుశ్రుతుడు సైతం గుదంలో ప్రవాహిణి, విసర్జని, సంవరణి అనే మూడు వళులను వర్ణించాడు.

మన అదుపులోని ఈ కండరం తగిన చోటికి చేరేవరకు ఓర్చుకోవడానికే గాని, పూటంతా బిగబట్టడానికి కాదు. మలాన్ని ఆపినకొద్దీ పెద్దపేగు అందులోని నీటిని పీల్చివేస్తుంది. మలం గట్టిపడి, విసర్జన నొప్పిగా పరిణమిస్తుంది. ఆ నొప్పికి జడిసి పిల్లలు మరింత ఆపుకుంటారు. క్రమంగా పేగు సాగి, వేగం కలిగిన స్పృహే మందగిస్తుంది. అప్పుడు ఏ చూర్ణం మంచిదని అడుగుతాం! వేగం కలిగినప్పుడు లేచి వెళ్లే అలవాటు లేనివారికి త్రిఫల మాత్రం ఎన్నాళ్లు సాయపడుతుంది?

చరకుడు ఆపరాని వేగాలు 13 అని చెబుతూ, మూత్ర పురీషాలతోనే ఆరంభించాడు. ఆపుకోవలసినవి లోభం, క్రోధం, ఈర్ష్య వంటివని అదే అధ్యాయంలో బోధించాడు. మనం దీన్ని తలకిందులు చేశాం. తరగతిలో మధ్యలో లేచిన పిల్లవాణ్ణి కసురుతాం. బస్సు ప్రయాణమంటే ఇంటి ఆడవారు ముందురోజు నుంచే నీళ్లు మానేస్తే, అది ఓర్పు అనుకుంటాం.

ఉదయం ఫలహారం తరువాత పిల్లలను తొందరపెట్టక అయిదు, పది నిమిషాలు కూర్చోనివ్వండి. ముక్కవద్దని చెప్పండి. కుర్చీ వంటి మరుగుదొడ్డి అయితే పాదాల కింద చిన్న పీట వేయండి. మూత్రంలో మంట, జ్వరం, రక్తం కనిపిస్తే మాత్రం ఇంటి చిట్కాలతో కాలయాపన చేయక వైద్యుని వద్దకు తీసుకువెళ్లండి.

అంతకంటే ముందు, బడిలో ఆ తలుపు ఎలా ఉందో ఒకసారి స్వయంగా చూసి రండి. మేము నలుగురు పెద్దలం వెళ్లి ప్రధానోపాధ్యాయునితో మాట్లాడాం. వారం తిరగకముందే గడియ బిగించారు. ఇప్పుడు సీసా ఖాళీగా ఇంటికి వస్తోంది.