మధుమేహ చికిత్సలో నర్సుకు దక్కవలసిన చోటు

2019 ఆగస్టు 1న రాజ్యసభలో జాతీయ వైద్య కమిషన్ బిల్లు చర్చకు వచ్చిన రోజున రాజధానిలోని పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల రెసిడెంట్ డాక్టర్లు విధులు బహిష్కరించారు. వారి ఆగ్రహానికి 32వ సెక్షన్ ఒక ముఖ్య కారణం. ప్రాథమిక, నివారక వైద్యంలో నిర్దేశించిన మందులు రాసే పరిమితాధికారాన్ని డాక్టర్లు కానివారికీ ఇవ్వవచ్చునన్నది దాని సారాంశం. ఇది దొంగవైద్యానికి చట్టబద్ధత కల్పించడమేనని ఇండియన్ మెడికల్ అసోసియేషన్ ధ్వజమెత్తింది. బిల్లు చట్టమైంది. కాని అధికారం ఎవరిదన్న ఆ వాగ్వాదంలో రోగి అవసరమేమిటన్న ప్రశ్న మరుగున పడిందని నా అభిప్రాయం.

భారత వైద్య పరిశోధన మండలి అధ్వర్యాన జరిగి 2023లో వెలువడిన సర్వే ప్రకారం దేశంలో మధుమేహ పీడితులు సుమారు 10 కోట్ల మంది. ఆ అంచున నిలిచినవారు మరో 13 కోట్ల పైచిలుకు. ఈ వ్యాధి ఒక సూదితో, ఒక సీసా మందుతో వదిలేది కాదు. ఇన్సులిన్ ఎలా భద్రపరచాలి, సూది చోటు ఎందుకు మార్చాలి, చెమటలు పట్టి చేతులు వణికితే వెంటనే నోట్లో చక్కెర ఎందుకు వేసుకోవాలి, పాదాలను రోజూ ఎందుకు పరిశీలించుకోవాలి, కంచంలో అన్నం ఎంత తగ్గించాలి - ఇవన్నీ ఓర్పుతో నేర్పేవారు కావాలి. వందల మంది బారులు తీరిన ఔట్‌పేషెంటు విభాగంలో డాక్టరుకు అంత తీరిక ఎక్కడిది?

ఈ బోధన నర్సు చేతిలోనే ఫలిస్తుందని బోస్టన్‌లో డాక్టర్ ఎలియట్ జోస్లిన్ ఏనాడో గుర్తించి, నర్సులను మధుమేహ రోగుల ఇళ్లకే పంపాడు. 1965లో కొలరాడో విశ్వవిద్యాలయం నర్స్ ప్రాక్టీషనర్ శిక్షణకు శ్రీకారం చుట్టింది. మనమూ వెనుకబడి మొదలుపెట్టినవారం కాము. నేడు రాజకుమారి అమృత్ కౌర్ పేరుతో వెలుగొందుతున్న కళాశాల 1946లోనే ఢిల్లీలో నర్సింగ్ పట్టభద్రులను తీర్చిదిద్దడం ఆరంభించింది.

2017 నాటి జాతీయ ఆరోగ్య విధానం నర్స్ ప్రాక్టీషనర్ల శ్రేణిని నెలకొల్పాలని సూచించింది. అయితే నర్సింగ్ కౌన్సిల్ ఈ పేరుతో రూపొందించిన స్నాతకోత్తర కోర్సు అత్యవసర చికిత్సా విభాగాల కోసం ఉద్దేశించినది. అది పెద్ద ఆసుపత్రులకు అక్కరకు వస్తుందే గాని పల్లె రోగికి కాదు. పల్లెకు 2018 తర్వాత ఆయుష్మాన్ భారత్ కింద కమ్యూనిటీ హెల్త్ ఆఫీసరు వచ్చింది. ఆమెకు ఆరు నెలల శిక్షణ. చాలామందికి కాంట్రాక్టు కొలువు. మధుమేహాన్ని ఆమె పసిగట్టాలి, మందు మాత్రం డాక్టరు మొదలుపెట్టాలి. ఆ తర్వాత నెలనెలా మాత్రలు ఆమె ఇస్తుంది. బరువు ఆమె భుజాల మీద, అధికారం వేరొకరి చేతిలో.

డాక్టర్ల భయం పూర్తిగా నిరాధారమని నేననను. అరకొర శిక్షణకు అధికారం తోడైతే ప్రమాదమే. కాని దానికి విరుగుడు సంపూర్ణమైన శిక్షణే గాని నిషేధం కాదు. తెలంగాణ ప్రభుత్వం 2017లో కరీంనగర్‌లో నర్సులకు పద్దెనిమిది నెలల మిడ్‌వైఫరీ ప్రాక్టీషనర్ శిక్షణ ప్రారంభించి ఒక దారి చూపింది. ప్రసవానికి పనికివచ్చిన ఆలోచన మధుమేహానికి ఎందుకు పనికిరాదు?

2023లో పార్లమెంటు నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టాన్ని ఆమోదించింది. ఇకనైనా మధుమేహ నర్స్ ప్రాక్టీషనరుకు పాఠ్యక్రమం, శాశ్వత పోస్టు, ఏ మోతాదు వరకు ఆమె మార్చవచ్చో, ఏ లక్షణం కనబడగానే డాక్టరుకు అప్పగించాలో తెలిపే లిఖితపూర్వక నిబంధనలు కావాలి. ఆరోగ్యం రాష్ట్రాల జాబితాలోని అంశం గనుక పోస్టులు మంజూరు చేయడానికి ఉభయ తెలుగు రాష్ట్రాలూ ఢిల్లీ ఆనతి కోసం కాచుకొని ఉండనక్కరలేదు. రేపటి బడ్జెటు సమావేశాల్లో మన శాసనసభ్యులు నిలదీయవలసిన ప్రశ్న ఇదే.