పాదాల దగ్గర మొదలయ్యే పెద్దరికం



"సిస్టరమ్మా, ఇక్కడ పెద్ద ఎవరు?" అని వార్డులో తరచుగా అడుగుతుంటారు. బిల్లు గురించో, బెడ్డు గురించో, డాక్టరుగారు ఎప్పుడొస్తారనో తెలుసుకోవడానికి అడిగే ప్రశ్న అది. సూపరింటెండెంటు గది ఎటో చూపిస్తే సరిపోతుంది. అయితే దానికంటే ముఖ్యమైన ప్రశ్న ఇంకొకటి ఉంది. ఆ పెద్దల పెద్దరికం వల్ల కింద పనిచేసేవారికి, మంచం మీద ఉన్నవారికి ఏమి మేలు జరుగుతోంది? ఈ సంచికలో దాని గురించి నాలుగు మాటలు రాయదలిచాం. ఇది ఆఫీసు గదుల సంగతి, మనకెందుకు అనుకోకండి. ఆసుపత్రిలో పెద్దలు ఎలా ప్రవర్తిస్తారో, దాని ఫలితం చివరికి మీ మంచం దగ్గరకే వస్తుంది.

సేవక నాయకత్వం అనే మాట ఇప్పుడు మేనేజ్‌మెంటు తరగతుల్లో కూడా వినిపిస్తోంది. అమెరికాలోని ఏటీ అండ్ టీ టెలిఫోన్ కంపెనీలో 38 ఏళ్లు పనిచేసి 1964లో రిటైరైన రాబర్ట్ గ్రీన్‌లీఫ్ అనే ఆయన 1970లో ఒక వ్యాసం రాసి ఈ మాటను ప్రచారంలోకి తెచ్చారు. ముందు సేవ చేయాలన్న కోరిక పుట్టాలి, నాయకత్వం దాని వెనక రావాలి అన్నది ఆయన అభిప్రాయం. దానికి ఆయన ఒక పరీక్ష కూడా పెట్టారు. మీ కింద ఉన్నవారు మీ వల్ల ఎదుగుతున్నారా? మరింత ఆరోగ్యంగా, తెలివిగా, స్వేచ్ఛగా ఉన్నారా? రేపు వాళ్లు కూడా ఇతరులకు సేవ చేసేవారు అవుతారా? అందరికన్నా వెనకబడినవారికి దీనివల్ల మేలా, కీడా? ఈ పరీక్షలో నాయకుడి మంచితనానికి మార్కులు లేవు. మార్కులన్నీ కిందివారి ఎదుగుదలకే.

పాదాలు కడగడం

సంఘంలో పెరిగినవారికి ఈ సంగతి కొత్తది కాదు. చివరి భోజనం రాత్రి యేసు ప్రభువు నడుముకు తువాలు కట్టుకొని శిష్యుల పాదాలు కడిగిన సంగతి యోహాను సువార్త 13వ అధ్యాయంలో చదువుతాం. మంచి శుక్రవారం ముందు రోజు కొన్ని సంఘాల్లో దీన్ని ఆచారంగా చేస్తారు కూడా. నర్సులకు మాత్రం ఇది ఏడాదికొకసారి వచ్చే ఆచారం కాదు, రోజూ ఉండే డ్యూటీ.

బాపట్లలో సాల్వేషన్ ఆర్మీ వారు కుష్ఠు రోగుల కోసం ఆసుపత్రి పెట్టి నడిపిన సంగతి ఈ ప్రాంతంలో పెద్దవాళ్లకు తెలుసు. కుష్ఠులో నరాలు దెబ్బతిని పాదానికి స్పర్శ పోతుంది. ముల్లు గుచ్చుకున్నా, చెప్పు కరిచినా తెలియదు. అందుకని రోజూ పాదాలను నీళ్లలో కాసేపు నాననిచ్చి, గట్టిపడిన చర్మాన్ని మెల్లగా అరగదీసి, తేమ పోకుండా నూనె రాసి, మెత్తటి అడుగున్న చెప్పులు వేసుకోమని నేర్పించాలి. ఇప్పుడు ఇదే బాధ షుగరు రోగుల్లో చూస్తున్నాం. సూర్యలంక ఇసుకలో చెప్పుల్లేకుండా తిరిగే వ్యక్తికి షుగరు ఉండి, పాదాలకు స్పర్శ తగ్గితే, గవ్వ పెంకు కోసినా తెలియదు. వారం తర్వాత వాసన వచ్చినప్పుడు గాని ఆసుపత్రికి రారు. అప్పటికి వేలు పోవచ్చు, కాలే పోవచ్చు.

అలాంటి పాదాన్ని ఎవరు కడుగుతారు? ట్రైనింగులో ఉన్న అమ్మాయో, ఆయమ్మో. ముందుగా చీము చూసేది ఆమె, రంగు మారడం గమనించేది ఆమె. ఆమె చూసినది డాక్టరుగారి చెవిన ఎంత త్వరగా పడితే ఆ కాలు దక్కే అవకాశం అంత ఎక్కువ. కాబట్టి పాదం కడగడం ఎంత ముఖ్యమో, కడిగినవారి మాట వినడం అంత ముఖ్యం. సేవక నాయకత్వం అంటే మా ఉద్దేశంలో ప్రధానంగా ఇదే.

గుంటూరు చూపిన దారి

మన ప్రాంతంలో దీనికి ఇద్దరు సాక్షులు ఉన్నారు. మొదటివారు డాక్టర్ అన్నా సారా కుగ్లర్. 1883లో అమెరికా నుంచి గుంటూరు వచ్చారు. ఆమెను పంపిన లూథరన్ మిషన్ బోర్డు అప్పటికి వైద్య పనికి సిద్ధంగా లేదు. డాక్టరు చదువు చదివినా ఆడవాళ్ల మధ్య బోధన, బడి పనులే అప్పగించారు. ఆమె ఆ పనులు చేస్తూనే రోగులను చూశారు. 1898లో స్త్రీల ఆసుపత్రి తెరుచుకుంది. 1930లో గుంటూరులోనే కన్నుమూశారు. కుగ్లర్ ఆసుపత్రి అనే పేరులో ఆమె ఇప్పటికీ మన మధ్య ఉన్నారు.

రెండవవారు ఆస్ట్రేలియా నుంచి 1920లో గుంటూరు వచ్చిన డాక్టర్ మేరీ గ్లౌరీ. మఠకన్యగా ఉంటూ వైద్యం చేశారు. సెయింట్ జోసఫ్ ఆసుపత్రి ఆమె శ్రమతో ఎదిగింది. 1943లో ఆమె మొదలుపెట్టిన కథోలిక ఆసుపత్రుల సంఘంలో ఇప్పుడు దేశమంతటా మూడు వేలకు పైగా సంస్థలున్నాయి. 1957లో ఆమె చనిపోయారు. 2013లో కథోలిక సంఘం ఆమెకు "దైవసేవకురాలు" అనే హోదా ఇచ్చింది.

వీరిద్దరూ రాత్రింబగళ్లు కష్టపడ్డారు, నిజమే. కానీ కష్టపడి ఊరుకుంటే వాళ్లతోనే ఆ పని ఆగిపోయేది. ఇద్దరూ మన తెలుగు ఆడపిల్లలకు పని నేర్పారు. మందులు కలపడం, పురుడు పోయడం, రోగిని చూసుకోవడం నేర్పారు. ఆడపిల్లకు అక్షరం ఎందుకనే కాలంలో వాళ్ల చేతికి పని, నోటికి మాట ఇచ్చారు. మా నర్సులం ఆ వరుసలో వచ్చినవాళ్లం. నాయకుడు వెళ్లిపోయాక పని సాగుతోందా లేదా అన్నదే అసలు పరీక్ష.

చిన్నవారి మాట ప్రాణం కాపాడుతుంది

మా తరం నర్సులు ట్రైనింగు పొందిన రోజుల్లో పెద్దల ముందు నోరు మెదపకపోవడమే మర్యాద. ఆ రోజుల్లో ఒకచోట మేము చూసిన సంగతి ఇది. మొదటి సంవత్సరం చదివే అమ్మాయి ఒకామె, పెడుతున్న సెలైన్ సీసా మీద పక్క మంచం రోగి పేరుందని గమనించి చెప్పబోయింది. "నాకే నేర్పిస్తావా?" అని సీనియరు కసిరింది. అమ్మాయి తల వంచుకుంది. రోగి తమ్ముడికి చదువు వచ్చు గనుక పేరు చదివి ఆపాడు. ఆ రోజు రోగిని కాపాడింది ఆసుపత్రి కాదు, తమ్ముడి చదువు. చదువురాని ఇంటి నుంచి వచ్చిన రోగి అయితే ఏమయ్యేది?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఆపరేషన్ థియేటర్ల కోసం ఒక చెక్‌లిస్టు తెచ్చింది. మత్తు ఇవ్వకముందు, కోత పెట్టకముందు, రోగి థియేటరు విడవకముందు మూడుసార్లు ఆగి అన్నీ సరిచూసుకోవాలి. అక్కడున్న ప్రతి ఒక్కరూ తమ పేరు, తాము చేసే పని పైకి చెప్పాలి. దూది, గాజు, పనిముట్లు లెక్క సరిపోయిందని నర్సు చెప్పాలి. ఎనిమిది నగరాల్లోని ఎనిమిది ఆసుపత్రుల్లో దీన్ని పరీక్షించారు. వాటిలో ఒకటి ఢిల్లీలోని సెయింట్ స్టీఫెన్స్ మిషన్ ఆసుపత్రి. 2009లో వచ్చిన ఫలితాల ప్రకారం మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి, ఆపరేషన్ తర్వాత వచ్చే ఇబ్బందులు 11 శాతం నుంచి 7 శాతానికి తగ్గాయి. కాగితం ఒక్కటే ఇదంతా చేసిందని మేము అనం. కానీ పెద్ద సర్జనుగారి ముందు చిన్న నర్సు "అయ్యా, ఒక్క నిమిషం" అనగలిగిన చోట రోగికి భద్రత ఎక్కువ. ఆ ధైర్యం ఆమెకు పైవాళ్లు ఇవ్వాలి.

సేవ పేరుతో అన్యాయం వద్దు

ఒక మాట నిర్మొహమాటంగా చెప్పాలి. "మీది ఉద్యోగం కాదమ్మా, సేవ" అని చెప్పి జీతం తగ్గించడం, సెలవు ఎగ్గొట్టడం, రెండు డ్యూటీలు ఒకరి చేత చేయించడం చాలాచోట్ల ఉంది. సేవక నాయకత్వం అంటే సేవకులను ఎక్కువ పని చేయించే నాయకత్వం కాదు. సుప్రీంకోర్టు 2016 జనవరిలో ఇచ్చిన ఆదేశం మేరకు కేంద్రం వేసిన కమిటీ ప్రైవేటు ఆసుపత్రుల నర్సుల జీతాల మీద సిఫార్సులు చేసింది. 200కు మించి పడకలున్న చోట ప్రభుత్వ నర్సులతో సమానంగా ఇవ్వాలని, 50 పడకల లోపు ఆసుపత్రుల్లో కూడా నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని చెప్పింది. ఉచితంగా, తక్కువ ఖర్చుతో వైద్యం చేసే మిషన్ ఆసుపత్రులకు ఇది బరువే, మాకు తెలుసు. అయినా ఆ బరువు ఎవరు మోయాలని కమిటీలో కూర్చుని అందరం ఆలోచించాలి గాని, అడగలేని అమ్మాయి భుజం మీద పెట్టకూడదు. పదహారు గంటలు నిలబడ్డ నర్సు చేతిలో ఇంజెక్షను ఉంటే, ప్రమాదం ఆమెకే కాదు, మీకు కూడా.

ఇంకో పొరపాటు కూడా ఉంది. పెద్దవారు ఒకరోజు చీపురు పట్టి ఫొటో దిగి దాన్నే సేవ అనుకోవడం. స్వీపరు పనిని ఒక గంట లాక్కుంటే ఆమెకు ఒరిగేదేమీ లేదు. ఆమెకు గ్లౌజులు, బూట్లు, హెపటైటిస్-బి టీకా, వేళకు జీతం అందేలా చూస్తే అది సేవ. అలాగే సేవ అంటే మెతకదనం కాదు. చేతులు కడుక్కోకుండా రోగిని ముట్టినవారిని, చెప్పకుండా డ్యూటీకి రానివారిని గట్టిగా అడగాలి. కానీ నలుగురిలో అవమానించకుండా, పక్కకు పిలిచి అడగాలి.

ఏమి చేయాలి?

మా అనుభవంలో పెద్ద పథకాలు అక్కరలేదు. క్రిస్మస్ రాత్రి, సంక్రాంతి రాత్రి డ్యూటీ చార్టులో సీనియర్ల పేర్లు కూడా ఉండాలి. డ్యూటీ మారేటప్పుడు మాట్లాడే వరుస చిన్నవారితో, ఆయమ్మతో మొదలుకావాలి. తప్పు జరిగితే "ఎవరు చేశారు" అనే ముందు "ఎలా జరిగింది" అని అడగాలి. మనకొచ్చిన ప్రతి పని ఇంకొకరికి నేర్పాలి.

సంఘాల్లో కూడా ఇంతే. ప్రేమవిందు అయ్యాక గిన్నెలు కడిగేది ఎప్పుడూ ఆ నలుగురు ఆడవాళ్లేనా? స్త్రీల సమాజంలో కొత్తగా వచ్చిన కోడలికి మాట్లాడే వంతు వస్తోందా? 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మన తీరానికి అలాంటి రోజులు మళ్లీ వస్తాయి. ఆ రోజు మైకు పట్టుకునేవారు చాలామంది ఉంటారు. తొమ్మిదో నెల గర్భిణి ఏ ఇంట్లో ఉంది, ఇన్సులిన్ ఎవరికి అయిపోవచ్చింది, నడవలేని తాత ఎవరు అని ముందే రాసిపెట్టుకున్నవారే మన నాయకులు.

మీకు కూడా ఒక మనవి. ఈసారి వార్డుకు వచ్చినప్పుడు మీకు మందిచ్చే సిస్టరు పేరు, నేల తుడిచే ఆయమ్మ పేరు అడిగి తెలుసుకోండి. ఇచ్చే మందు మీద మీ పేరే ఉందా అని అడగండి. అడిగినందుకు ఎవరైనా విసుక్కుంటే నేరుగా నర్సింగ్ ఆఫీసుకు వచ్చి చెప్పండి. వినడానికే మేము ఇక్కడ ఉన్నాం.